ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపతో ఏ చేప కలుస్తుంది?

మంచినీటి ట్యాంకులో చేపలు కొట్టుకుంటే ఒకదాన్ని వలతో పట్టి పక్క ట్యాంకులో వేసేస్తాం. ఉప్పునీటి ట్యాంకులో అంత తేలిక కాదు. రాళ్ల సందుల్లో దూరిన చేపను పట్టాలంటే రాళ్లన్నీ ఎత్తి బయట పెట్టాలి. నీళ్లు కలకబారతాయి, మిగతా చేపలు బెదిరిపోతాయి. పైగా ఇవి ఖరీదైన చేపలు. అందుకే ఎంపిక పనంతా దుకాణానికి వెళ్లకముందే, ఇంట్లో కూర్చుని కాగితం మీద పూర్తి చేయాలి. వద్దనుకున్న చేపల పేర్లను ముందు కొట్టేసి, మిగిలినవాటిలోంచి నచ్చినవి ఏరుకోవడం నేను చెప్పే పద్ధతి. రంగు చూసి ముచ్చటపడి కొనేవాళ్లకు ఇది కాస్త చప్పగా అనిపించొచ్చు. తరవాత టెన్షన్ మాత్రం తగ్గుతుంది.

గోదావరి డెల్టాలో ఈ సరదా పెట్టుకునేవాళ్లకు ఒక లాభం, రెండు చిక్కులు ఉన్నాయి. సెలైనిటీ (నీళ్లలో ఉప్పు పాళ్లు), పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), అమ్మోనియా అనే మాటలు రొయ్యల పుణ్యమా అని భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు టీ బడ్డీ దగ్గర కూడా వినపడతాయి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు, టెస్ట్ కిట్లు, ఎయిర్ పంపులు, నీళ్లు పరీక్ష చేసే ల్యాబులు అందుబాటులోనే ఉంటాయి. ఇక చిక్కులంటారా, ఎండ, కరెంటు. ఈ రెండింటికీ ఓర్చుకునే చేపలే మన జాబితాలో మిగలాలి.

మొదటి పని: మీ ట్యాంకులో నిజంగా ఎన్ని నీళ్లు పడతాయో లెక్కేయండి

4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 20 అంగుళాల ఎత్తున్న ట్యాంకులో అంచుదాకా పోస్తే 280 లీటర్లు దాటుతుంది. రాళ్లు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే చేపలకు దక్కేది 230 లీటర్ల దరిదాపు. 3 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు అయితే మొత్తం 160 లీటర్లు, చేతికి మిగిలేది 130. 2 అడుగుల ట్యాంకుల్లో 70 లీటర్లు కూడా కష్టమే.

అంగుళం చేపకు ఇన్ని లీటర్లు అని చెప్పే సూత్రాన్ని ఇక్కడ నమ్మకండి. 3 అంగుళాల గోబీ రోజంతా ఇసుక మీద ఒకేచోట కూర్చుంటుంది. అంతే పొడవున్న టాంగ్ పిల్ల ఈ కొస నుంచి ఆ కొసకు ఈదుతూనే ఉంటుంది. పగడపు దిబ్బల చేపల్లో చాలావాటికి సొంత జాగా కావాలి. ఎన్ని లీటర్లు అన్నదానితో పాటు ఎన్ని కన్నాలు, ఎంత నేల అన్నది కూడా చూడాలి. మొదటిసారి పెట్టేవాళ్లు 3 అడుగులకు తగ్గకపోతే మంచిది. చిన్న ట్యాంకు మన ఎండలకు మధ్యాహ్నానికే వేడెక్కిపోతుంది.

రెండో పని: నీళ్లు

సముద్రం దగ్గరే కదా అని అంతర్వేది నుంచో ఓడలరేవు నుంచో డ్రమ్ములతో నీళ్లు తెచ్చి పోయకండి. వశిష్ఠ, వైనతేయ, గౌతమి పాయలు సముద్రంలో కలిసేచోట ఉప్పు శాతం ఎప్పుడూ ఒకలా ఉండదు. జులై నుంచి సెప్టెంబరు దాకా వరద దిగితే తీరం వెంట నీళ్లు ఎర్రగా, చప్పగా మారిపోతాయి. ఆర్‌ఓ నీళ్లలో అక్వేరియం కోసం అమ్మే మెరైన్ సాల్ట్ కలుపుకోవడమే నయం. ఊరి ప్లాంటులో తెచ్చే 20 లీటర్ల టిన్నులో నీళ్లను టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలు చెప్పేది) ఒకసారి చూడండి. రుచి కోసం మామూలు నీళ్లు కొన్ని కలిపే ప్లాంట్లూ ఉంటాయి. మనకు సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. కల్లుప్పుతో పని జరగదు, అందులో కాల్షియం, మెగ్నీషియం లాంటివి సముద్రపు నీళ్లలో ఉండే పాళ్లలో ఉండవు.

సెలైనిటీ 33 నుంచి 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో ఉప్పు పాళ్లు) మధ్య నిలకడగా ఉండాలి. ఎండకు ఆవిరైపోయేది నీళ్లు, ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంత మేర ఉత్త ఆర్‌ఓ నీళ్లే రోజూ పోయాలి. వేడి 25 నుంచి 27 డిగ్రీలుంటే హాయి. రోహిణీ కార్తెలో గదిలో 36 ఉన్నప్పుడు అది కుదరదు. నీళ్లు చల్లబరిచే చిల్లరు యంత్రం కొనగలిగితే సరే, లేదంటే నీటి పైభాగానికి చిన్న ఫ్యాన్లు పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, చేపలకు మాత్రం ఎక్కువ కావాలి. ఎండాకాలంలో ఉదయాన్నే చెరువులో రొయ్య తేలడం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

చేపలు వేయకముందు నాలుగు నుంచి ఆరు వారాలు ట్యాంకు ఖాళీగా నడవాలి. చిటికెడు చేప మేతో, చిన్న రొయ్య ముక్కో వేసి అమ్మోనియా పుట్టించండి. చేపలకు విషమైన అమ్మోనియాను, దాన్నుంచి వచ్చే నైట్రైట్‌ను మార్చేసే బ్యాక్టీరియా పెరగడానికే ఇది. అమ్మోనియా, నైట్రైట్ పైకి లేచి మళ్లీ సున్నాకు దిగేదాకా ఆగండి. ఈ దశలో దుకాణంవాళ్లు "రెండు డామ్సెల్స్ వేసేయండి, చవక, గట్టి చేపలు" అంటారు. వినకండి. అవి గట్టివన్నది నిజమే. కానీ అందరికంటే ముందు దిగిన డామ్సెల్, పాతకాలపు అద్దెదారు ఇల్లు తనదే అన్నట్టు, తరవాత వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది.

మూడో పని: కొట్టేయాల్సినవి

ముందుగా చట్టం. సముద్రపు గుర్రాలు (సీహార్స్ అనే చిన్న చేపలు), జీవమున్న పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. అంటే పులికి ఎంత రక్షణో వాటికీ అంతే. ఎవరైనా చాటుగా అమ్మినా కొనకండి. ట్యాంకులో పెట్టే రాయి కూడా చచ్చిన పగడం కాకుండా సిరామిక్‌తోనో సిమెంటుతోనో చేసినది తీసుకోండి. బ్యాక్టీరియా దాని మీదా చక్కగానే పెరుగుతుంది.

తరవాత, ఎదిగాక పట్టనివి. నీలం టాంగ్ మీద పిల్లలకు సినిమా వల్ల మోజు. దుకాణంలో రెండంగుళాలుండే ఆ చేప అడుగు దాకా పెరుగుతుంది. దానికి 6 అడుగుల ట్యాంకు కావాలి. పసుపు టాంగ్ కూడా 8 అంగుళాలవుతుంది. పెద్ద ఏంజెల్ చేపలదీ అదే కథ, పిల్లప్పుడు ఉన్న చారలు పెద్దయ్యాక కనపడవు కూడా. "పెరిగాక పెద్ద ట్యాంకు కొందాంలే" అనుకునేవాళ్లలో నిజంగా కొనేవాళ్లు తక్కువే.

మూడోది, నోరు. సముద్రంలో మర్యాద అంతా నోటి సైజును బట్టే. నోట్లో పట్టేదాన్ని ఏ చేపైనా మింగుతుంది. లయన్ ఫిష్ రోజంతా కదలకుండా సాధువులా వేలాడుతుంది, తెల్లారేసరికి పక్కనున్న చిన్న ఫైర్ ఫిష్ కనపడదు. దాని ముళ్లలో విషం కూడా ఉంటుంది. ట్యాంకులో చెయ్యి పెట్టే పిల్లలున్న ఇంట్లో అది వద్దు. గ్రూపర్, ఈల్ కూడా ఈ వరసలోవే. ట్రిగ్గర్, పఫర్ అయితే రొయ్యల్ని, పీతల్ని, నత్తల్ని కరకరా నమిలేస్తాయి, తోటి చేపల రెక్కలూ కొరుకుతాయి.

నాలుగోది, ఆకలితో చచ్చేవి. జాలిపడాల్సిన చేపలివే, ఎందుకంటే తప్పు వాటిది కాదు. మాండరిన్ చేప అందానికి ఎవరైనా పడిపోతారు. అది తినేది రాళ్ల మీద పాకే కంటికి కనపడీ కనపడని కోపీపాడ్లు అనే జీవులను. కొత్త ట్యాంకులో అవి ఉండవు. చేప రోజంతా రాళ్లు వెతుక్కుంటూ తిరిగి, కొన్ని వారాల్లో పొట్ట లోపలికి పోయి చచ్చిపోతుంది. బటర్‌ఫ్లై చేపల్లో చాలా రకాలు పగడాల మొగ్గలు తప్ప వేరే తినవు. మిగతా చేపల ఒంటి మీద పురుగులు ఏరి తినే క్లీనర్ రాస్, మూరిష్ ఐడల్ కూడా ఇళ్లలో నిలవవు. ఇవి లేకుండా ట్యాంకు బోసిపోదు.

ఐదోది, తగువుమారివి. దేవుడు బొట్టు పెట్టినట్టు మూడు తెల్ల చుక్కలుండే నల్లటి డొమినో డామ్సెల్, చారల డామ్సెల్ చిన్నప్పుడు ముద్దుగా ఉంటాయి, పెరిగాక ట్యాంకంతా తమదే అంటాయి. మెరూన్ క్లౌన్, డాటీబ్యాక్, ఆరు గీతల రాస్ అన్నీ 4 అడుగుల లోపు ట్యాంకులో గొడవ తెచ్చేవే. ఒక మోసం జాగ్రత్త. సగం ఊదా, సగం పసుపు ఉండే చేపలు రెండున్నాయి. రాయల్ గ్రామా నెమ్మదైనది, కరీబియన్ సముద్రం నుంచి రావాలి కాబట్టి మన దగ్గర అరుదు, ఖరీదు. అచ్చం అలాగే కనపడే రాయల్ డాటీబ్యాక్ చవక, రౌడీ. గ్రామాకు ఊదా రంగు చుక్కచుక్కలుగా పసుపులో కలుస్తుంది, వీపు రెక్క మీద నల్ల మచ్చ ఉంటుంది. డాటీబ్యాక్‌కు రెండు రంగుల మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంటుంది.

మన కాలవల్లో, మొగల్లో దొరికేవాటి సంగతి కూడా చెప్పాలి. పండుగప్ప పిల్లను తెచ్చి వేద్దామా అని అడిగేవాళ్లుంటారు. అది మీటరు పైన పెరిగే వేటగాడు, తోటివాటన్నిటినీ తినేస్తుంది. మడ అడవుల వైపు దొరికే చుక్కల స్కాట్ పిల్లలు, వెండిలా మెరిసే మోనోలు అక్వేరియం చేపలే, కానీ ఉప్పు మారే నీళ్లకు అలవాటుపడ్డవి. వాటికి విడిగా 10, 15 పీపీటీల ట్యాంకు, అదీ పెద్దది పెట్టండి. పగడపు దిబ్బల చేపలతో కలపొద్దు. వాటితో మన నీళ్లలోని రోగాలు కూడా దిగుతాయి.

నాలుగో పని: మిగిలినవాటితో జాబితా

ఇంత కొట్టేశాక ఏం మిగిలాయని బెంగపడకండి. ఇప్పుడు కాగితం మీద ట్యాంకు బొమ్మ గీసి మూడు భాగాలు చేయండి: ఇసుక, రాళ్లు, పైన ఖాళీ నీళ్లు. ఒక్కో చేప పేరు అది ఎక్కడ బతుకుతుందో అక్కడ రాయండి. ఒకేచోట, ఒకే ఆకారంలో, ఒకే తిండి తినే రెండు పేర్లు పడ్డాయంటే అక్కడ కొట్లాట రాసిపెట్టి ఉన్నట్టే. ఆకారం పోలిక వాటికి రంగు పోలికకంటే ఎక్కువ కోపం తెప్పిస్తుంది.

రాళ్ల దగ్గర మొదటి పేరు క్లౌన్ చేపల జంట. ఒసెల్లారిస్ అనే మామూలు రకమే అడగండి. వీటిలో ఒక వింత ఉంది. పుట్టినప్పుడు అన్నీ మగ లక్షణంతోనే ఉంటాయి, గుంపులో పెద్దది ఆడదవుతుంది, రెండోది దాని మగడు. కాబట్టి ఆడా మగా వెతుక్కోనక్కర్లేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చూసి చిన్న వయసువి రెండు తీసుకుంటే జంట దానంతటదే కుదురుతుంది. మూడోది వేశారో, ఆ జంట కలిసి దాన్ని చంపేదాకా ఊరుకోదు. రెండు వేర్వేరు జాతుల క్లౌన్లనూ కలపొద్దు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్లను హేచరీలో పుట్టించే పద్ధతి ఎప్పుడో తెచ్చింది. హేచరీ పిల్లలు దొరికితే అవే కొనండి, మేతకు అలవాటుపడి ఉంటాయి, ఓర్పూ ఎక్కువ. క్లౌన్ ఉందని, సముద్రంలో అది కాపురముండే పువ్వులాంటి జీవి అనిమోన్‌ను కొననక్కర్లేదు. దానికి గట్టి వెలుతురు, ముదిరిన ట్యాంకు కావాలి. అది లేకపోయినా క్లౌన్ హాయిగానే ఉంటుంది.

ఇసుక మీద వాచ్‌మన్ గోబీ ఒక్కటి. దొరికితే దానికి తోడు పిస్టల్ రొయ్య. రొయ్య కన్నం తవ్వుతుంది, దానికి కళ్లు సరిగ్గా కనపడవు. గోబీ గుమ్మంలో కాపలా కాసి, ప్రమాదం వస్తే తోక ఆడించి లోపలికి తోలుతుంది. ఈ ఒక్క కాపురం చూడటానికే ట్యాంకు పెట్టొచ్చంటాను. ఇసుకను నోటితో జల్లెడపట్టే డైమండ్ గోబీ మాత్రం చిన్న ట్యాంకులో చిక్కిపోతుంది.

పైన నీళ్లలో పైజామా కార్డినల్స్ మూడు నాలుగు వేయొచ్చు, నెమ్మదివి, కలిసి ఉంటాయి. బంగ్గాయి కార్డినల్ అయితే ఒకటి లేదా కుదిరిన జంట మాత్రమే, మగవి రెండుంటే ఒకటి బతకదు. ఫైర్ ఫిష్ చాలా పిరికిది, బెదిరితే ఎగిరి కింద పడుతుంది. ట్యాంకుకు జాలీ మూత లేకుండా తేవొద్దు. గాజు మూతకంటే జాలీయే మనకు మేలు, వేడి కూడా బయటికి పోతుంది. పచ్చ క్రోమిస్‌ల గుంపు బాగుంటుందని ఆరేడు కొంటారు. ఇంటి ట్యాంకులో అవి ఒకదాన్నొకటి తరుముకుంటూ ఏడాదిలో ఒకటో రెండో మిగులుతాయి. డబ్బు దండగ.

ట్యాంకు పెట్టి ఆరు నెలలు దాటి, రాళ్ల మీద నాచు బాగా పట్టాక నాచు తినే బ్లెన్నీ ఒకటి తెచ్చుకోవచ్చు. అంతకుముందు దానికి తిండి చాలదు.

మొత్తం మీద 4 అడుగుల ట్యాంకుకు క్లౌన్ జంట, పైజామా కార్డినల్స్ మూడు, ఫైర్ ఫిష్ ఒకటి, గోబీ ఒకటి, తరవాత బ్లెన్నీ. అక్కడితో ఆపేయండి. 3 అడుగులకు క్లౌన్ జంట, గోబీ, ఫైర్ ఫిష్. 2 అడుగులకు క్లౌన్ జంటే, మరీ మనసొప్పకపోతే ఒక చిన్న గోబీ. పుస్తకాల్లో ఇంతకంటే ఎక్కువ చేపలు రాసి ఉండొచ్చు. మనకు కరెంటు లెక్క వేరు. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పటి లాంటి రాత్రి వస్తే, ఇన్వర్టరు దిగిపోయాక బ్యాటరీ ఎయిర్ పంపు మీద ఏడెనిమిది చిన్న చేపలు గట్టెక్కుతాయి, పన్నెండు గట్టెక్కవు.

ఐదో పని: కొనడం

డెల్టాలో ఉప్పునీటి చేపలు నిలవ ఉంచే దుకాణాలు తక్కువ. చాలావరకు చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించుకోవాలి. వీలైతే స్వయంగా వెళ్లండి. మీరు చూస్తుండగా చేపకు మేత వేయమని అడగండి. తినని చేపను సగం ధరకిచ్చినా తీసుకోకండి. వీపు మీద కండ పలచబడ్డదా, పొట్ట లోపలికి పోయిందా, ఊపిరి గబగబా తీస్తోందా, ఒళ్లు రాళ్లకేసి రుద్దుకుంటోందా చూడండి. ఆ రోజే దిగిన సరుకైతే వారం ఆగమనండి. ఆగ్నేయాసియా సముద్రాల్లో కొన్నిచోట్ల సయనైడ్ చల్లి చేపలు పడతారు, అలాంటివి పైకి బాగానే ఉండి తరవాత రాలిపోతాయి. జాబితాలో లేని చేప ఎంత బాగున్నా ఆ రోజు కొనొద్దు. ఇంటికొచ్చి దాని పేరు, పెరిగే సైజు చదువుకుని మళ్లీ వెళ్లండి.

కొనేటప్పుడే దుకాణం ట్యాంకు సెలైనిటీ ఎంతో అడిగి రాసుకోండి. చాలామంది 25, 27 పీపీటీలోనే ఉంచుతారు. మీరు ఇంట్లో క్వారంటైన్ ట్యాంకును (కొత్త చేపను ముందు విడిగా ఉంచేది) అదే సెలైనిటీకి ముందే సిద్ధం చేయించండి. దీనికి కారణముంది. రాత్రంతా రైల్లో వచ్చిన సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది, కానీ చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఆ అమ్మోనియా విషం తక్కువగా ఉంటుంది. సంచి విప్పగానే పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా ఒక్కసారిగా విషమవుతుంది. విప్పిన సంచిలో గంటల తరబడి చుక్కచుక్కా నీళ్లు కలుపుతూ కూర్చోవడం దూరం నుంచి వచ్చిన చేపకు మంచిది కాదు. మూసిన సంచిని పది పదిహేను నిమిషాలు తేల్చి వేడి సమం చేసి, విప్పాక చేపను మాత్రమే తీసి వదలండి. సంచి నీళ్లు పారబోయండి.

క్వారంటైన్‌కు ఇసుక లేని 2 అడుగుల ట్యాంకు, స్పాంజ్ ఫిల్టరు, దాక్కోవడానికి నాలుగు పీవీసీ పైపు ముక్కలు చాలు. నాలుగు వారాలు అక్కడే ఉంచాలి. వైట్ స్పాట్ కోసం చూడండి. ఇది రొయ్యలకొచ్చే వైరస్ కాదు, చేప చర్మం మీద ఉప్పు గింజల్లా కనపడే పరాన్నజీవి. రాగి మందు వాడితే ఈ ట్యాంకులోనే వాడాలి. పెద్ద ట్యాంకులో పడితే రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. చెరువు మందులేవీ ఇక్కడ వాడొద్దు. మేతకు మాత్రం మన ఊరే మేలు. పచ్చి రొయ్యను పొట్టు తీసి కడిగి, ఫ్రీజర్లో పెట్టి, సన్నగా తరిగి వేయండి. మొండికేసే చేపకు హేచరీల్లో వాడే ఆర్టీమియా (రొయ్యలాంటి బుల్లి జీవి) గుడ్లు పొదిగించి పిల్లలను వేస్తే నోరు తెరుస్తుంది. ఈ నాలుగు వారాల్లో నీళ్లను మెల్లగా 34 పీపీటీకి తెచ్చుకోండి.

ఆరో పని: వదిలే వరస

పిరికివి ముందు, ధైర్యమున్నవి చివర. ఫైర్ ఫిష్, గోబీ మొదట దిగి తమ కన్నాలు చూసుకోవాలి. తరవాత కార్డినల్స్. క్లౌన్లు వాటి తరవాత. బ్లెన్నీ అన్నిటికంటే చివర. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య క్వారంటైన్ ఎలాగూ నెల పడుతుంది, తొందరపడకండి. కొత్త చేపను వదిలే రోజు లైట్లు ఆపేసి, పాతవాటికి కడుపునిండా మేత వేసి, రెండు మూడు రాళ్లు అటూ ఇటూ మార్చండి. పాతవాళ్ల హద్దులు చెరిగిపోయి, అందరూ కొత్తగా వెతుక్కునే పనిలో పడతారు.

రెండు మూడు రోజులు కాస్త తరుముకోవడం మామూలే. రెక్కలు చినగడం, పై మూలలో నక్కి కిందికి రాకపోవడం, మేతకు రాకపోవడం కనపడితే ఊరుకోవద్దు. కన్నాలున్న పారదర్శకపు డబ్బాలో కొట్టే చేపను పెట్టి లోపలే వేలాడదీయండి. దెబ్బలు తిన్నదాన్ని కాకుండా కొట్టేదాన్ని బంధించాలి. వారం తరవాత వదిలినా బుద్ధి మారకపోతే దాన్ని తీసేయాల్సిందే. ఒక ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి లోపలికి దోపి, అందులో రొయ్య ముక్క వేసి రాళ్ల పక్కన పెట్టండి. రాళ్లు కదపకుండానే చాలాసార్లు పడుతుంది. అలా తీసిన చేపను కాలవలోనో మొగలోనో వదలొద్దు, దుకాణానికే తిరిగివ్వండి. వాళ్లు వెనక్కి తీసుకుంటారో లేదో కొనే రోజే అడిగి ఉంచుకోండి.